కృష్ణానగర్ గదిలో కూర్చుని ఒక హత్య రాస్తున్నా



మొన్న ఒక చెల్లె అడిగింది, "అన్నా, నువ్వు సినిమాల్లో చేస్తున్నవా, పుస్తకం రాస్తున్నవా?" అని. రెండూ చెల్లే. పగలు సినిమా, తెల్లారకముందు పుస్తకం. కొంచెం పెద్ద పోస్టే అవుతది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

మాది ఏటూరునాగారం వైపు. కోయ. కృష్ణానగర్‌కు వచ్చి ఆరేండ్లయింది. ఇక్కడ తెల్లారి నాలుగున్నరకే టీ కొట్లు తెరుస్తరు. జూనియర్ ఆర్టిస్టులను ఎక్కించుకుని పోయే వ్యాన్ల కోసం ఆడా మగా చేతిలో సంచులతో నిలబడి ఉంటరు. నేను ఒక సినిమా రైటర్ దగ్గర అసోసియేట్‌ని. అంటే సీన్లు విడగొట్టి వన్‌లైన్ ఆర్డర్ రాయడం, ఒకే సీనుకు మూడు వెర్షన్ల డైలాగు టైపు చేయడం, నరేషన్ రోజు పక్కన కూర్చుని కాగితాలు అందించడం. తెర మీద పేరు పడొచ్చు, పడకపోవచ్చు. గదిలో ముగ్గురం. మిగతా ఇద్దరు లేచే లోపల నాకు మూడు గంటలు దొరుకుతయి. ఆ మూడు గంటల్లో ఒక డిటెక్టివ్ నవల రాస్తున్నా.

డిటెక్టివ్ నవలే ఎందుకంటే, కారణం మా ఆశ్రమ పాఠశాల. వార్డెన్ సారు గదిలో ఒక రేకు పెట్టె ఉండేది. అందులో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు, మధుబాబు షాడో నవలలు. అద్దె పుస్తకాల షాపు మూతపడితే తూకానికి కొన్నడట. సగం పుస్తకాలకు అట్ట లేదు, కొన్నింటికి చివరి పేజీలు లేవు. హంతకుడు ఎవరో తెలిసే లోపలే పుస్తకం అయిపోయేది! ఇక రాత్రి డార్మెటరీలో లైటు తీసేసినంక కొట్లాట. నౌకరు అని ఒకడు, కాదు తమ్ముడు అని ఇంకొకడు. ఎవడు చెప్పినా "మరి తాళం చెవి వానికి ఎట్ల దొరికింది?" అని అడగడం నా పని. ఇప్పుడు చేస్తున్నదీ అదే.

తెలుగులో ఈ రకం పుస్తకాలకు పెద్ద చరిత్రే ఉంది. బెంగాలీలో పాంచ్‌కడి దే రాసిన అపరాధ పరిశోధక నవలలు వందేండ్ల కిందటే తెలుగులోకి వచ్చినయి. తర్వాత కొమ్మూరి, మద్రాసు వీధుల్లో తిరిగే యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. ఆరుద్ర అంత పెద్ద కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల నుంచే 1986లో 'చంటబ్బాయ్' సినిమా వచ్చింది. ఆయన ఎన్నో ఏండ్లు ఫొటో కూడా బయటకు రానీయలేదు. రాసేటోడు కనపడాల్సిన పని లేదని నాకు ఆయన్ని చూసే అర్థమైంది. కృష్ణానగర్‌లో ఈ మాట అంటే నవ్వుతరనుకోండి.

ఈ పుస్తకాలన్నీ ప్రేమగా చదివిన. కానీ వాటిలో మనోళ్ళు ఎక్కడ ఉన్నరని వెతికితే, అడవి సీన్‌లో ఉంటరు. దారి చూపిస్తరు, నిధికి కాపలా ఉంటరు, లేదంటే మంత్రం వేస్తరు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చేతబడి మీద నడిచిన నవల. దాన్ని రంగనాయకమ్మ ఎంత తీవ్రంగా విమర్శించారో పాతోళ్ళకు తెలుసు. సినిమాల్లో ఆ సరుకు ఇప్పటికీ అమ్ముడుపోతనే ఉంది. 2021లో 'మా ఊరి పొలిమేర' ఆడింది, 2023లో రెండో భాగం వచ్చింది. భయపెట్టే కథలు రాయొద్దని నేను అనను. భయం మంచి సరుకే. ఆ భయం ఎవరి ఇంటి ముందు దించుతున్నరన్నదే నా గొడవ.

ఎందుకంటే మా పక్క గూడెంలో ఒక ముసలామె ఉండేది. నాకు పెద్దమ్మ వరస. ఒక వానాకాలం ఇద్దరు పిల్లలు జ్వరంతో వారం తేడాలో చనిపోయిన్రు. ఈమె చేతబడి చేసిందన్నరు. అల్లూరి జిల్లా వైపు వాళ్ళు దీన్నే చిల్లంగి అంటరు. రాత్రికి రాత్రి ఆమె మూట కట్టుకుని తమ్ముని ఊరికి పోయింది. ప్రాణంతో పోయింది, అదే నయం. ఇదే అనుమానం మీద కొట్టి చంపిన వార్తలు మనందరం పేపర్లో చదివినయే కదా.

ఆ పిల్లలది మలేరియా అని తర్వాత నర్సమ్మ చెప్పింది. అప్పటికి నేను తొమ్మిదో తరగతి. యుగంధర్ బుర్రలో ఉన్నడు కాబట్టి ఒక ప్రశ్న పట్టుకున్న. ఆమె పేరు మొదట ఎవరి నోట్లోంచి వచ్చింది? గూడెంలో ఎవరిని అడిగినా "అందరూ అన్నరు" అనేటోళ్ళు. అందరూ ఒకేసారి అనరు గదా. ఒకడు మొదలు పెడతడు. ఆమెకు రోడ్డు పక్కన రెండెకరాలుండేది. ఇప్పుడు దాంట్లో ఎవరిదో షెడ్డు ఉంది.

నా నవల ఇక్కడి నుంచే పుట్టింది. నవలలో ఊరు కల్పితం, మనుషులు కల్పితం. చట్టం మాత్రం అసలుదే ఉండాలని పట్టు పట్టిన. భూ బదలాయింపు నిబంధన 1959లో వచ్చింది, తెలంగాణ ప్రాంతానికి 1963 డిసెంబర్ 1 నుంచి వర్తించింది. 1970 ఫిబ్రవరి 3న 1/70 వచ్చి ఇంకా గట్టిపడ్డది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటది. కాదని చూపించుకోవాల్సింది వాళ్ళే. అందుకే పాత తేదీల కాగితాలు పుడుతయి. "1963కు ముందే కొన్నం" అని ఒక తెల్ల కాగితం, మీద వేలిముద్ర.

దొంగ కాగితం దొరకాలంటే ఏముండాలి? దీని కోసం నాలుగు నెలలు తిరిగిన. రిటైరైన సర్వేయర్ ఒకాయనకు టీలు పోసి పహాణీలు చదవడం నేర్చుకున్న. చివరికి జవాబు నా జేబులోనే ఉంది, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం మీద. పిన్‌కోడ్! అది మన దేశంలో మొదలైందే 1972 ఆగస్టు 15న. 1962 తేదీ వేసిన కాగితం మీద, రబ్బరు ముద్రలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. (ఇక్కడ చెప్పేసిన కాబట్టి దీన్ని మొదటి సగంలోనే బయటపెట్టి, అసలు క్లూ వేరేది పెట్టిన. తెలివిగా ఫీలవకండి.)

ఇంకోటి విషం. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధం టైంలో ఆస్పత్రి మందుల గదిలో పని చేసింది. విషాల సంగతి ఆమెకు అక్కడే ఒంటబట్టింది. 1920లో వచ్చిన ఆమె మొదటి నవలలో వాడిన విషం స్ట్రిక్‌నిన్. అది ఎందులోంచి వస్తదో చూస్తే ముషిణి గింజలు! మన అమ్మలు ఏరి, ఎండబెట్టి జీసీసీకి అమ్మే ముషిణి గింజలే. ఇంగ్లండులో డ్రాయింగ్ రూముల్లో జరిగే హత్యలకు కావాల్సిన సరుకు మన చెట్ల కింద రాలి ఉందని తెలిసినప్పుడు లైబ్రరీలో ఒక్కణ్ణే గట్టిగా నవ్విన. పక్కన గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు కోపంగా చూసిన్రు.

లైబ్రరీ అంటే చిక్కడపల్లి, లేకపోతే అఫ్జల్‌గంజ్. ఆదివారం షూటింగ్ లేకపోతే అబిడ్స్ ఫుట్‌పాత్. హైమెండార్ఫ్ రాసిన మూడు పుస్తకాలు, 1943లో చెంచుల మీద, 1945లో కొండరెడ్ల మీద, 1948లో రాజ్‌గోండుల మీద, కొనే స్తోమత లేక కూర్చుని నోట్సు రాసుకున్న. ఆయన బయటోడే. అయినా తాతలు మర్చిపోయినవి కొన్ని అందులో ఉన్నయి. మనకు చదివి కోపమొచ్చే వాక్యాలు కూడా ఉన్నయి. రెండూ నోట్సులో ఎక్కించిన.

మనలాంటోళ్ళు ఈ రకం కథలు రాసిన్రా అని వెతికితే దొరికిన్రు. అమెరికాలో టోనీ హిల్లర్‌మన్ అనే తెల్లాయన నవాహో పోలీసుల మీద వరసగా నవలలు రాశాడు, నవాహోలు ఆయన్ని గౌరవించిన్రు కూడా. కానీ నాకు నచ్చింది మార్సీ రెండన్. ఆమె అక్కడి ఓజిబ్వే ఆదివాసీ. 2017లో వచ్చిన ఆమె నవలలో హత్యను వెతికేది క్యాష్ అనే పంతొమ్మిదేండ్ల పిల్ల, పొలాల్లో ట్రక్కు నడుపుతది. ఆ పిల్లను చిన్నప్పుడే ఇంటి నుంచి తీసుకుపోయి వేరేవాళ్ళ ఇళ్ళల్లో పెంచిన్రు. హంతకుడు దొరికినా ఆ బాధ తీరదు. మన దగ్గర జార్ఖండ్‌లో సంతాల్ డాక్టరు హాన్స్‌దా సౌవేంద్ర శేఖర్ ఉన్నడు. 2014లో రాసిన ఆయన మొదటి నవల ఒక ఆడమనిషికి వచ్చిన అంతుపట్టని జబ్బు చుట్టూ, మంత్రగత్తెల మాటల చుట్టూ తిరుగుతది. తన జనాన్ని దేవుళ్ళలాగా చూపించలేదు. ఆయన ఇంకో పుస్తకాన్ని 2017లో అక్కడి ప్రభుత్వం కొన్ని నెలలు నిషేధించింది. గొడవ చేసినోళ్ళలో ఆయన సొంత జనమూ ఉన్నరు. ఆ భయం నాకూ ఉంది. నా నవలలో ముసలామె పేరు మొదట అన్నది బయటోడు కాదు, మనోడే. బయటోడు దానికి డబ్బులిచ్చిండు. ఇది చదివి మీరు నన్ను తిట్టొచ్చు. కానీ జరిగేది అట్లనే జరుగుతది.

మొన్న ఒక ఆఫీసులో కథ అడిగిన్రు. కోయ మాంత్రికుడు, నరబలి, సిటీ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. అడ్వాన్స్ నా ఏడు నెలల అద్దె. మాంత్రికుణ్ణి తీసేసి భూమి కాగితం పెడదాం సార్ అన్న. "అప్పుడిక కథేముంది తమ్మీ?" అన్నడు. నా ఫోన్ నంబరు తీసుకున్నరు, మళ్ళీ చేయలేదు. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు, ఎవరూ ట్యాగ్ చేయకండి.

ఇప్పుడు పదకొండో చాప్టర్‌లో ఆగిపోయిన. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో భూమి కేసు నడిచే సీను. నేను ఆ గదిలోకి ఎప్పుడూ పోలేదు. మీ అమ్మానాన్నల కేసుకు వెంట పోయినోళ్ళు ఉంటే చెప్పండి. మనోళ్ళు ఎక్కడ నిలబడతరు, కూర్చోమంటరా, పేరు ఎట్ల పిలుస్తరు, కోయ మాట అర్థం కాకపోతే ఎవరు తెలుగులో చెప్తరు. చిన్న విషయమైనా పర్లేదు. పొద్దున ఐదింటికి లేచే ఉంటా, ఫోన్ చేసినా సరే.