కృష్ణమ్మ కడలిలో కలిసేచోట కార్తీకం

కార్తీకమాసం వచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ళకి నెల రోజులూ చీకటితోనే తెల్లవారుతుంది. చన్నీళ్ళ స్నానం, తులసికోట దగ్గర దీపం, సోమవారాల ఉపవాసం, నక్షత్రం చూసి భోజనం... ఇవన్నీ మీకు నేను చెప్పాలా! ఈసారి మాత్రం ఆ నెలలో ఓ నాలుగైదు రోజులు వీలు చేసుకుని, వంటింటికి తాళం పెట్టి, కృష్ణా జిల్లా దిగువకి వెళ్ళి రండి. గుడివాడ, బందరు, దివిసీమ... అక్కడ ఎక్కడానికి కొండ లేదు, మెట్ల దారి లేదు. ఉన్నదల్లా నీళ్ళే. కాలవల్లో నీళ్ళు, చేలల్లో నీళ్ళు, రెండు పాయలుగా చీలిన కృష్ణమ్మ, ఆ చివర సముద్రం. ఇక్కడి దేవుళ్ళు ఆ నీళ్ళ పక్కనే కొలువున్నారు, ఇక్కడివాళ్ళ కార్తీకం ఆ నీళ్ళతోనే గడుస్తుంది. ఆ నీళ్ళు ఒకసారి కాదు, రెండుసార్లు ఈ నెలలోనే ఈ సీమని ముంచాయి. ఆ సంగతి తెలుసుకుని మరీ బయలుదేరండి.

శుద్ధ దశమి నాటికి గుడివాడ చేరుకుంటే మంచిది. రైల్వే జంక్షన్ కాబట్టి ఎటునించి వచ్చినా ఇబ్బంది లేదు. ఊళ్ళో భీమేశ్వరస్వామి గుడి ఉంది, జైనుల పార్శ్వనాథుడి గుడి ఉంది, బౌద్ధుల కాలం నాటి దిబ్బ కూడా ఉంది. మనం శివకేశవుల గురించే చెప్పుకుంటాం గానీ ఈ నేల మీద ఎన్ని మతాలవాళ్ళు దీపాలు పెట్టారో!

మర్నాడు ఏకాదశి. పామర్రు మీదుగా కూచిపూడి వెళ్ళండి. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని ఇచ్చిన ఊరు. సత్యభామ అలకనీ ఆ జడ విసురునీ తరతరాలుగా మగవాళ్ళే ఆడి చూపించారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషం కడితే ఆడవాళ్ళే పోల్చుకోలేకపోయేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన 2012లో పోయారు. సత్యభామ అంటే మనకి ఆ అలకే గుర్తొస్తుంది గానీ, ఈ చుట్టుపక్కలే ఆవిడ ఇంకో రూపం కూడా ఉంది. చల్లపల్లి దగ్గర నడకుదురులో, కృష్ణ ఒడ్డున పృథ్వీశ్వరస్వామి ఆలయం ఉంది. నరకాసుర వధ జరిగింది ఆ చోటేనని స్థలపురాణం. నరకుడు భూదేవి కొడుకు. సత్యభామ భూదేవి అంశ. కన్నకొడుకు అడ్డదారి తొక్కితే తల్లే విల్లు పట్టాల్సి వచ్చిందన్నమాట. కూచిపూడిలో అలిగిన భామా నడకుదురులో విల్లెత్తిన భామా ఒక్కరే. దీపావళినాడు మతాబులు కాల్చే పిల్లలకి ఈ ఊరి పేరు ఒక్కసారి చెప్పండి.

ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్ళకి ఆ రోజు చూడదగ్గ గుడి శ్రీకాకుళంలో ఉంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం అనుకునేరు, కాదు. ఇది ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఇక్కడి స్వామి ఆంధ్ర మహావిష్ణువు. కళింగ దండయాత్రకి వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగి, ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. తెల్లవారుజామున స్వామి కలలో కనబడి, గోదాదేవి కథ తెలుగులో రాయమన్నాడు. ఆ సంగతి రాయలు తన ఆముక్తమాల్యద మొదట్లో స్వయంగా చెప్పుకున్నాడు. చూడండి మరి, యుద్ధానికి పోతున్న మహారాజుకి దేవుడు అప్పగించిన పని ఏమిటి? తను ముడుచుకున్న దండనే దేవుడికిచ్చిన ఓ ఆడపిల్ల కథ చెప్పమని! ఈ స్వామినే తర్వాతి కాలంలో దివిసీమ పెదప్రోలు కవి కాసుల పురుషోత్తముడు ఆంధ్రనాయక శతకంలో నిందాస్తుతితో దెప్పిపొడిచాడు. దేవుణ్ణి పొగుడుతూనే తిట్టే చనువు ఈ సీమవాళ్ళకి ఎక్కువే. దగ్గర్లోని మొవ్వలో వేణుగోపాలస్వామిని చూస్తే ఆ చనువు ఇంకాస్త తెలుస్తుంది. క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడు ఆయనే.

ద్వాదశినాడు మోపిదేవి. సంతానం కోసం, నాగదోషం పోవడం కోసం మొక్కుకునే సుబ్రహ్మణ్యేశ్వరస్వామి క్షేత్రం. పాము చుట్టల మీద శివలింగం. పానవట్టం కింద చిన్న రంధ్రం ఉంటుంది. అందులో పోసిన పాలు లోపలి పుట్టలోకి పోతాయని నమ్మకం. వింధ్య గర్వం అణచడానికి దక్షిణాదికి వచ్చిన అగస్త్యుడు లోపాముద్రతో కలిసి ఈ పుట్టని కనుక్కున్నాడని కథ. ఆ తర్వాత ఎన్నాళ్ళకో మరుగున పడిపోతే, స్వామి ఓ కుమ్మరికి కలలో చెప్పి పైకి వచ్చాడట. రాజుకి కలలో కావ్యం రాయమని, కుమ్మరికి కలలో పుట్ట తవ్వమని! రెండు ఊళ్ళకీ మధ్య దూరం ఎంతో లేదు.

నాగులచవితి అంటే కార్తీక శుద్ధ చవితి, ఆ రోజు ఇక్కడ కాలు పెట్టడానికి చోటుండదు. ద్వాదశికి అంత రద్దీ ఉండదు కాబట్టి పసిపిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదే హాయి. అన్నప్రాశన, చెవులు కుట్టించడం, పుట్టు వెంట్రుకలు తీయించడం... ఒక్కో మండపంలో ఒక్కో ఇంటి సందడి. ఆ సందడికి ఓ పక్కగా ఒంటరిగా కూర్చుని ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే ఆడవాళ్ళని కూడా చూస్తారు. వాళ్ళని పలకరిస్తే పలకరించండి గానీ, "పిల్లలెంతమంది?" అని మాత్రం అడక్కండి. మోపిదేవిలో ఆ ప్రశ్నకి మించిన ముల్లు లేదు. నన్నడిగితే, అసలు ఆ మొక్కుని ఆడదాని ఒక్కదాని నెత్తినే పెట్టడం కూడా న్యాయం కాదు. దంపతులిద్దరూ డాక్టరు దగ్గరకీ వెళ్ళాలి, స్వామి దగ్గరకీ వెళ్ళాలి.

అవనిగడ్డ, కోడూరు దాటి ఇంకా కిందికి వెళితే హంసలదీవి. వేణుగోపాలస్వామి ఆలయం. అక్కడినించి మరికొన్ని కిలోమీటర్లు పోతే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఈ ఊరి పేరుకి ఓ కథ ఉంది. లోకమంతా గంగలో మునిగి పాపాలు వదిలించుకుంటే, ఆ పాపాలన్నీ మోసి మోసి గంగమ్మ నల్లబడిపోయి కాకి అయిపోయిందట. ఎన్నో తీర్థాల్లో మునిగినా ఆ నలుపు వదల్లేదు. ఈ సంగమంలో మునగ్గానే తెల్లని హంసై తేలింది. అందరి మురికీ వదిలించే గంగమ్మకి తన మురికి వదుల్చుకునే చోటు ఒకటి కావాల్సొచ్చిందన్న మాట! ఇంటిల్లిపాది బట్టలూ ఉతికి, అంట్లూ తోమి, ఆఖరున స్నానానికి పోయే మనకి ఈ కథ వేరే ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మాఘ పౌర్ణమికి ఇక్కడ స్వామి ఉత్సవం, సముద్రస్నానాలు జరుగుతాయి. అప్పుడయినా ఎప్పుడయినా, సంగమం దగ్గర లోపలికి వెళ్ళకండి. నది లాగుతుంది, సముద్రం తోస్తుంది, కాళ్ళ కింద ఇసక నిలవదు. మోకాలి లోతులో మూడు మునకలు చాలు, పుణ్యంలో తక్కువేం రాదు.

ఈ తీరం మీదే 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. శనివారం. కార్తీక శుద్ధ పక్షమే అది, నాగులచవితి వెళ్ళిపోయి, పౌర్ణమి ఇంకా రాలేదు. తాటిచెట్టంత అల అని చూసినవాళ్ళు చెప్పేవారు. సర్కారు లెక్కల్లోనే 10 వేల దాకా ప్రాణాలు పోయాయి. పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు ఇంచుమించు ఊడ్చిపెట్టుకుపోయాయి. ఆచారం పాటించే ఇళ్ళల్లో ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. పోయినవాళ్ళందరిదీ ఒకే తిథి! ఏటా కార్తీకంలో ఆ తిథికి ఊళ్ళకి ఊళ్ళే తద్దినాలు పెట్టుకోవాలి. వారం తిరక్కుండానే పౌర్ణమికి, ఆ సముద్రానికే దీపం పెట్టాలి. పెడుతున్నారు కూడా. ఎలా పెట్టగలుగుతున్నారో మెట్టలో పుట్టినవాళ్ళకి అంత సులువుగా అర్థం కాదు. చేనుకి నీళ్ళిచ్చేదీ, వలకి చేపనిచ్చేదీ, ఆ రాత్రి గడప దాటి లోపలికి వచ్చిందీ ఒకే నీరు. దాంతో తెగతెంపులు చేసుకుని ఎక్కడికి పోతారు? ఉప్పెన తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, రేడియోలోనూ సెల్‌ఫోన్లోనూ ముందే హెచ్చరికలొస్తున్నాయి. దీపం మాత్రం మానలేదు. అక్కడి పెద్దవాళ్ళని ఆ రాత్రి గురించి మీరై అడక్కండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే కూర్చుని వినండి, మధ్యలో లేవకండి.

చతుర్దశికి బందరు చేరుకోండి. చిలకలపూడిలో పాండురంగస్వామి ఆలయానికి ఏకాదశి నుంచి ఉత్సవాల రద్దీ మొదలవుతుంది. భక్త నరసింహం అనే ఆయన పూనికతో 1929లో వెలసిన ఆలయం ఇది. పండరిపురంలో లాగే ఇక్కడ భక్తులే స్వయంగా స్వామి పాదాలు తాకి నమస్కరించుకోవచ్చు. చిలకలపూడిలో చిలకని కీరం చేసి, కీర పండరిపురం అని పేరు కూడా పెట్టుకున్నారు. పుండరీకుడి కథ మీకు తెలిసిందే. తల్లిదండ్రుల సేవలో ఉండగా దేవుడు గుమ్మంలోకి వస్తే, పని పూర్తయ్యేదాకా దీనిమీద నిలబడమని ఇటుక విసిరాడు. నడుము మీద చేతులు పెట్టుకుని స్వామి ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాడు. ఇంట్లో ముసలి అత్తమామలకి చాకిరీ చేస్తూ "గుడికి వెళ్ళే తీరికెక్కడిదీ" అని నొచ్చుకునే చెల్లెళ్ళకి ఈ స్వామిని చూస్తే కాస్త ధైర్యం వస్తుంది.

చిలకలపూడి అనగానే రోల్డుగోల్డు నగలు గుర్తొస్తాయి కదూ! ఇక్కడి గిల్టు నగలు దేవుళ్ళకీ నాట్యం చేసే పిల్లలకీ కూడా వెళతాయి. బేరం మాత్రం గట్టిగా చెయ్యండి.

పౌర్ణమి తెల్లవారుజామున జనమంతా మంగినపూడి సముద్రానికి. ఒడ్డున దత్తాశ్రమంలో పన్నెండు బావులున్నాయి, పన్నెండు జ్యోతిర్లింగాల పేర. ముందు సముద్రంలో మునిగి, ఆ తర్వాత ఆ బావుల నీళ్ళు పోసుకుంటారు. ఇసకలో దీపాలు, అరటి దొప్పల్లో దీపాలు, ఉసిరికాయల మీద దీపాలు... 1864 నవంబరు 1న, అంటే దీపావళి వెళ్ళిన రెండు మూడు రోజులకే, ఇదే సముద్రం బందరు మీదకి వచ్చింది. పట్నంలోనూ చుట్టుపక్కలా 30 వేల మంది పోయారని చరిత్ర. తెల్లదొరల ఓడరేవుగా వెలిగిన బందరు ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. 2004 డిసెంబరు 26 సునామీ కూడా ఈ తీరాన ప్రాణాలు తీసింది, ఆనాడు మార్గశిర పౌర్ణమి. అందుకని పిల్లల చెయ్యి వదలకండి. పోలీసులు వద్దన్న రోజున "ఒక్క మునకే కదా" అని వాదించకండి. థర్మోకోలు గిన్నెల్లో దీపాలు అమ్ముతుంటారు, కొనకండి. దొప్ప అయితే నీళ్ళలో కలిసిపోతుంది, థర్మోకోలు తిరిగి మన ఒడ్డుకే వస్తుంది.

తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు కొనకుండా ఎవరొస్తారు చెప్పండి! తొక్కుడు లడ్డు అనే పేరు ఊరికే రాలేదు. శనగపిండిని జంతికల్లా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంట్లో చెయ్యాలనుకునేవాళ్ళు ముందు రోకలి పట్టే మనిషిని చూసుకోండి. పెడనలో కలంకారీ అద్దకం చీరలు చూడండి, చూసి ఊరుకోవడం మాత్రం కష్టం. గుడివాడ రోడ్డులోనే, గుడ్లవల్లేరు దగ్గర వేమవరంలో కొండలమ్మ తల్లి గుడి. కొండే లేని సీమలో కొండలమ్మ! దారిన పోయే బండ్లు ఆగి దణ్ణం పెట్టుకుని కదులుతాయి. మీరూ ఆగండి.

ఇంటికొచ్చాక ఇంకో పక్షం రోజులు మిగిలే ఉంటాయి. అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. అత్తగారు మిగతా కోడళ్ళని వెంటబెట్టుకుని నదికి పోతే, ఇంట్లో ఉండిపోయిన పోలమ్మ పెరటి పత్తిచెట్టు కింద రాలిన దూది ఏరి, కవ్వానికి అంటిన వెన్న తీసి, దీపం పెట్టి, గంప బోర్లించి దాచుకుంది. చివరికి విమానం వచ్చింది ఆవిడ కోసమే. దివిసీమలోనూ బందరులోనూ ఆ తెల్లవారుజామున ఏ కాలవ గట్టున చూసినా అరటి దొప్పలే. మీ ఊళ్ళో కాలవ లేకపోతే పళ్ళెంలో నీళ్ళు పోసి వదలండి. కథ చెప్పే పెద్దావిడ ఇంట్లో లేకపోతే మీరే చెప్పండి, కోడలు కూడా వింటుంది.