కుట్టనాటి నీటిబాటలు

గోదావరి కాలువల ప్రక్కన పుట్టి పెరిగినను మాకు పడవప్రయాణము పెద్దల నోట విన్న ముచ్చటయే గాని అనుభవించిన సుఖము కాదు. మా అమ్మమ్మగారు కాపురమునకు వచ్చునపుడు సారెపెట్టెలతో గూడ రాజమహేంద్రవరమునుండి కాకినాడ కాలువమీద పడవలో వచ్చిరట. రాత్రి భోజనములు ముగించి పడవ యెక్కినచో, లాకులకడ ఆగినపుడు మెలకువ వచ్చెడిదట. బస్సులు పెరిగినపిమ్మట ఆ పడవలు పోయినవి. కాలువలు మాత్రము మిగిలినవి; నేడు వానిలో గుఱ్ఱపుడెక్కయే ప్రయాణము చేయుచున్నది.

కావున గడచిన సంక్రాంతి సెలవులలో ఎక్కడికైన పోవుదమా యని మావారు అడిగినపుడు, పడవలు నేటికిని జనుల నిత్యావసరమునకు నడచుచున్న సీమను చూతమని మేము కోరితిమి. అట్టి సీమ కేరళమందలి కుట్టనాడు. దానికి వాకిలి అలప్పుళ పట్టణము. మన పెద్దలకు అలెప్పీ అనినచో తెలియును.

అలప్పుళ సముద్రపుటొడ్డున నున్నది. 18వ శతాబ్దము చివర తిరువాన్కూరు దివాను రాజా కేశవదాసు ఇచట రేవును వృద్ధిచేసి, ఊరిగుండ కాలువలు త్రవ్వించి, సముద్రమును ఊరి వెనుకనున్న సరస్సుతో గలిపెను. మిరియములు, ఏలకులు, కొబ్బరిపీచు లోనాటినుండి పడవలలో వచ్చి ఇచట ఓడలెక్కెడివి. ఓడలు నేడు రావు. 1862లో నెలకొల్పిన దీపస్తంభము మాత్రము నిలిచియున్నది. ఊరిలోని కాలువగట్లమీద పాతకాలపు సరకుకొట్లు కొన్ని తలుపులు మూసికొని నిలిచియుండగా చూచితిమి.

అలప్పుళ చేరిన యాత్రికులకు మొదట కనబడునవి ఇండ్లపడవలు. పూర్వము వీనిని కెట్టువళ్లము లనెడివారు. కెట్టు అనగా కట్టుట, వళ్లము అనగా పడవ. ఆంజిలి మ్రాని పలకలను ఒక్క మేకైన కొట్టక, కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టి, జీడిపిక్కల నూనె పట్టించి చేయుదురు. బస్తా కుట్టినట్లు పడవను కుట్టుదురన్నమాట! ధాన్యము మోయుటకు పుట్టిన ఈ పడవలకు, రోడ్లు పడి లారీలు వచ్చిన పిమ్మట పని లేకపోయెను. 1990 తరువాతి యేండ్లలో వానిపై గదులు గట్టి, మంచములు వేసి, యాత్రికులకు అద్దె కిచ్చుట మొదలైనది. ఒక పగలును ఒక రాత్రియు గడపుటకు అడిగిన అద్దె విని మావారు నా మొగము చూచిరి, నేను మావారి మొగము చూచితిని. అది మా యింటి నెలవెచ్చమునకు ఎంతో తక్కువ లేదు. మేము నేరుగా సర్కారు పడవలరేవునకు నడచితిమి.

ఆ రాష్ట్రమున జలరవాణాశాఖ యని ఒక శాఖ 1968నుండి యున్నది. దాని ముఖ్యకార్యాలయమును ఈ యూరనే యున్నది. మన బస్సులవలె వేళకు పడవలు బయలుదేరును. కోట్టయమునకు పోవు పడవ రెండున్నర గంటలు పట్టును. మేము నెడుముడికి పోవు పడవ యెక్కితిమి. టిక్కెట్టు వెల బస్సు టిక్కెట్టువలె స్వల్పము. పడవనిండ బడిపిల్లలు, కచ్చేరీలకు పోవువారు, కూరగాయల సంచులతో ఇల్లాండ్రు. ముందట సరంగు చుక్కాని పట్టి నిలుచును. ఆయన గంట మ్రోగింపగా నడుమనున్న యంత్రమువాడు ఆ గుఱుతు విని వేగము హెచ్చించును, తగ్గించును. ఒక్కొక్క రేవున పడవ ఒక్క నిమిషమైన ఆగదు. ముదుసలి స్త్రీలు సైతము మన మిండ్ల గడప దాటినంత తేలికగా దాటి దిగిపోవుచుందురు.

పున్నమడ కాయలు దాటునపుడు గాలి చల్లగా వీచెను. కాయలనగా ఉప్పుటేటి సరస్సు. 1952లో జవహర్‌లాల్ నెహ్రూగారు వచ్చినపుడు జరిగిన పాముపడవల పందెము, ఆయన పేరనే ఏటేట ఇచటనే జరుగుచున్నది. పిమ్మట పడవ ఇఱుకైన కాలువలోనికి మళ్లెను. ఇరుదరుల కొబ్బరిచెట్లు నీటిమీదికి వంగియున్నవి. నీటికాకులు రెక్కలు చాచి యెండకు ఆఱబెట్టుకొనుచున్నవి. సోదరీమణులారా, ఇంటిలో మనము కూర్చుండినను చేతులు కూర్చుండవు గదా. చిక్కుళ్లయిన ఒలుచుచుందుము, పిల్లల చొక్కాలకు బొత్తాములైన కుట్టుచుందుము. ఆ పడవలో మా చేతులకు పనియే లేకపోయెను. మొదట వానిని ఎక్కడ నుంచవలెనో తోచలేదు. కొంతసేపటికి అవి ఒడిలో వాలి నిదురించినవి. నీటిప్రయాణపు సుఖమనగా ఇదియే గాబోలు. దుమ్ము లేదు, కుదుపు లేదు, చూచుట తప్ప కర్తవ్యము లేదు.

అట్లు తీరికగా చూచుచుండగా ఒక వింత కంటబడెను. కాలువగట్టునకు ఆవల వరిచేలు పచ్చగా నున్నవి. కాని అవి మేమున్న నీటికంటె బారెడు దిగువను ఉన్నవి! పడవలో కూర్చుండి, మిద్దెపైనుండి పెరడు చూచినట్లు చేలలోనికి చూచుచుంటిమి. మన గోదావరి మండలమున కాలువ యెత్తున నుండును, చేను పల్లమున నుండును; తూము తెఱచినచో నీరు తానే చేనికి దిగును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు మన రైతులు వేడునది ‘నీరు రానిమ్ము’ అని. ఇచటి రైతు వేడునది ‘నీరు రాకుండనిమ్ము’ అని. కుట్టనాట చాల చేలు సముద్రమట్టమునకు ఒకటినుండి రెండు మీటర్లకు మించి దిగువను ఉన్నవి. గట్లగుండ ఊఱిన నీటిని రేయింబవళ్లు ఎత్తి కాలువలో పోయకున్నచో పైరు మునుగును. పూర్వము పెద్ద చక్రములను కాళ్లతో త్రొక్కి నీటిని తోడెడివారు; నేడు కొయ్యపెట్టెలో నమర్చిన యంత్రములు తోడుచున్నవి.

పంబ, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచ్చిల్ అను నదులు కొండలనుండి మన్ను తెచ్చి వేంబనాడు సరస్సున పోయగా ఏర్పడిన పల్లపునేల ఇది. చాలనిచో, జనులు సరస్సునుండియే మఱికొంత నేలను తీసికొనిరి. నీటిలో వరుసలుగా గుంజలు పాతి, తడకలు కట్టి, మునకలు వేసి అడుగునుండి బురదగడ్డలు తెచ్చి, ఇసుకయు కొమ్మలును కలిపి గట్లు కట్టి, లోనినీరు తోడివేసిరి. 1940 తరువాత, కఱవుకాలమున, మురిక్కన్ జోసెఫు అను రైతు ఇట్లు సంపాదించిన విశాలమైన కాయలుపొలములు చిత్తిర, మార్తాండము, రాణి యని తిరువాన్కూరు రాజకుటుంబపు పేళ్లతో నేటికిని ఉన్నవి. వరాహమూర్తి భూమిని నీటినుండి యెత్తిన కథ పురాణములలో చదివితిమి. ఇచట ఆ పని కూలివాండ్రు చేసిరి. వారి కూలి యెంతయో తెలిసికొనగోరువారు తకళి శివశంకర పిళ్లగారి 1948 నాటి ‘రెండిడంగళి’ చదువవలెను. రెండు మానికల ధాన్యమను అర్థము ఆ పేరులోనే యున్నది.

ఈ చేలలో లోతుగా త్రవ్వినచో నల్లబడిన మ్రాకులు దొరకునట. అర్జునుడు దహించిన ఖాండవవనము ఇదియే యనియు, కాలిన నాడు గనుక చుట్టనాడై, అది కుట్టనాడైనదనియు ఇచటివారందురు. ఖాండవము యమునాతీరమున నున్నదని భారతము చదివిన మనకు తెలియును. కావున ఆ మాట నమ్మజాలము. కాని తమ బురదలో దొరకిన మ్రానికి భారతములో చోటు వెదకికొన్న ప్రీతిని మాత్రము మెచ్చవలసినదే.

నెడుముడిలో దిగి, ఒక ముసలి పడవవానితో బేరమాడి, చిన్న పడవలో పెద్దపడవలు దూఱలేని పిల్లకాలువలలోనికి పోయితిమి. మావారికి వచ్చిన కొలది తమిళముతోను, ఆయనకు వచ్చిన కొలది హిందీతోను మాటలు సాగినవి. ఇచట నీటికి ఇండ్లు ఎంత చేరువయనగా, కూరలో పోపు వేసిన చప్పుడు వినబడుచుండెను. ప్రతి యింటికిని నీటిలోనికి దిగు మెట్లున్నవి. ఒకతె గిన్నెలు తోముచున్నది, ఒకతె బట్టలు ఉదుకుచున్నది. మనము పరుల పెరటిగుండ పోవుచున్నట్లు తోచి, మేము తల త్రిప్పుకొంటిమి. వారికి ఆ సంకోచము తీఱి చాలకాలమైనది గాబోలు, నవ్వి చేయూపిరి.

అపుడొక చిన్న పడవ మాకెదురు వచ్చెను. దానిలో ఒక యిల్లాలు తానే తెడ్డు వేయుచున్నది. ఆమె ముందు నాలుగు ఖాళీబిందెలున్నవి. ఇంత నీటినడుమ బిందెలెక్కడికని మేమడిగితిమి. త్రాగునీటికని పడవవాడు చెప్పెను. ఇంటి మెట్టుదాక నీరు వచ్చును గాని బిందెలోనికి రాదు. కుట్టనాట ఇది తరతరముల బాధ. చేలకు చల్లిన మందులు, ఎరువులు కాలువలోనికే తోడబడును. ఇండ్లపడవల మురికియు కొంత నీటిలోనికే పోవును. మా కండ్లయెదుటనే ఒక పెద్ద పడవ వంటయింటి కిటికీనుండి తిన్న విస్తళ్లును ఖాళీసీసాలును కాలువలో పడినవి. ఆ పడవ పేరు ఇచట వ్రాయుట అనవసరము. దానికి ఇరువది బారల దూరమున ఒక తల్లి తన బిడ్డకు స్నానము చేయించుచున్నది.

ఆ పడవవాని యింటికడనే మధ్యాహ్నము లేతకొబ్బరినీరు త్రాగితిమి. ఆయన భార్యను మేము అక్కా యని పిలువగా, ఆయన కూతురు, నర్సుపని నేర్చుకొనుచున్న పిల్ల, ‘మా భాషలో చేచ్చి యందుము’ అని ఇంగ్లీషులో చెప్పి, తల్లి మాటలను మాకు తెలిపెను. 2018 ఆగస్టు వరదలలో ఇంటి కిటికీలదాక నీరు వచ్చెనట. కుట్టనాటివారు వేలకొలదిగా పడవలలో చంగనాశ్శేరికిని అలప్పుళకును తరలిరి. సర్కారు పడవలేగాక ఇండ్లపడవలును ఆ దినములలో జనులను మోసినవి. చేచ్చి ఒక బడిలో పలువురితో కూడ నేలమీద పడుకొని దినములు గడపి తిరిగి వచ్చునప్పటికి, ఇంటినిండ మోకాలిలోతు బురద. ‘అన్నిటికంటె నాకు దుఃఖము కలిగించిన దేమనుకొంటివి? తలుపు తీయగానే అన్నిచోటుల నీరే, నోరు కడుగుకొనుటకు చెంబెడు మంచినీరు లేదు’ అని ఆమె చెప్పెను. మరల యిక్కడికేల వచ్చితిరని మావారడిగిరి. ఆమె మావారిని పసిపిల్లవానిని చూచినట్లు చూచి, చేతితో చేనువైపు చూపెను.

నీటి తగవులు ఇంకను ఉన్నవి. వేసవిలో సముద్రపుటుప్పు పైరును చెఱుపకుండ తణ్ణీర్ముక్కమువద్ద 1970 తరువాత సరస్సునకు అడ్డముగా తలుపుల గట్టు కట్టిరి. ఏటేట కొన్ని మాసములు ఆ తలుపులు మూయుదురు. రైతునకు మూసియుండవలెను. చేపలు పట్టువారికిని, ఆల్చిప్పలు ఏరి సున్నమునకు అమ్మువారికిని తెఱచియుండవలెను. తలుపులు మూసిన మాసములలో నీరు పాఱక నిలిచి మురుగును; మనవద్దవలెనే గుఱ్ఱపుడెక్క అల్లుకొనును. ఎవరి పక్షము న్యాయమని మేము చెప్పజాలము. రెండు పొయ్యిలు వెలుగవలసిన ఒక్క కట్టెయని మాత్రము తోచెను.

చూడబోవు సోదరీమణులకు రెండు మాటలు. ఈ ప్రయాణమునకు ధనము ముఖ్యము కాదు. సర్కారు పడవయే చాలును, అందులోనే ఆ దేశపు మాట వినబడును. సీసాలును కాగితపు పళ్లెములును తిరిగి మీ సంచిలోనే వేసికొని రండు. పిల్లలకు బెండుకోట్లు తప్పక తొడుగుడు, తొడుగుకొనుడు. ఈ నీరు నిమ్మళముగా కనబడును గాని ఆటవస్తువు కాదు. ‘వీణపూవు’ వ్రాసిన మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ 1924 జనవరిలో పడవలో ప్రయాణము చేయుచు, రాత్రివేళ అలప్పుళకు దక్షిణముననున్న పల్లనకడ పడవ తలక్రిందులై మరణించెను. ఆ పడవలో పట్టినవారికంటె ఎక్కినవారు మిక్కిలి యుండిరందురు. జనము క్రిక్కిఱిసినచో తరువాతి పడవకు ఆగుటయే మేలు.

సాయంకాలము నెడుముడినుండి తిరుగుపడవ యెక్కితిమి. చేలకడ నీరుతోడు యంత్రములు హోరుమనుచుండెను. కాలువ మలుపులో సరంగు ఉన్నట్టుండి రెండు మాఱులు గంట మ్రోగించెను. యంత్రము సద్దణగి, మా పడవ నీటిమీద జాఱుచున్నట్లు మెల్లగా సాగెను. ఏమాయెనో యని లేచి చూచితిమి. ఎదుట ఒక చిన్న పడవ, అంచుదాక నీటిలో దిగి వచ్చుచున్నది. దానిలో నిండుబిందెలు నాలుగు. మా పడవ అల తగులకుండ ఆమె ప్రక్కగా దాటి పోవువఱకు సరంగు మరల గంట ముట్టలేదు.