నాయనమ్మ చూపు

మన హాస్టల్ సంచికలో కవితలు, జ్ఞాపకాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి నేను నా చదువులోని ఒక విషయం రాస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాడిని నేనే. ఇప్పుడు ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. "ఈ చదువు ఇంటికి ఏం పనికొస్తుంది?" అని మా ఊళ్ళో అడుగుతుంటారు. నా జవాబు ఇది.

మా నాయనమ్మకు పార్కిన్సన్స్ జబ్బు. చేతుల వణుకు, మెల్లని నడక అందరికీ తెలుస్తాయి. చూపు సంగతే ఎవరికీ అర్థం కాలేదు. శుక్లాల ఆపరేషన్ అయిపోయింది. కంటి పరీక్షలో మూడు కొమ్ముల గుర్తు ఎటు తిరిగి ఉందో చిన్న వరుస దాకా సరిగ్గానే చూపించింది. కానీ సాయంత్రమైతే సిమెంటు మెట్టు ఎక్కడ దిగిందో తెలియక కాలితో తడుముకునేది. తెల్ల పళ్ళెంలో పెరుగన్నం మిగిలిందో అయిపోయిందో చేత్తో చూసుకునేది. "కళ్ళు బాగానే ఉన్నాయిగా, కావాలనే చేస్తోంది" అన్నారు చుట్టాలు. ఆ మాటకు ఆమె చాలా బాధపడేది.

మన కంటి వెనక రెటీనా అనే పలచని పొర ఉంది. వెలుగును పట్టే కణాలు అందులో దాదాపు 10 కోట్లు. మెదడుకు వెళ్ళే నరంలో తంతువులు దాదాపు 10 లక్షలే. అంటే ఏది పంపాలి, ఏది వదలాలి అన్న వడపోత కంట్లోనే మొదలవుతుంది. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు చేరాలంటే మధ్యలో మిల్లీమీటరులో 50 వేలవ వంతు సందు దాటాలి. ఆ సందును దాటించేవి రసాయనాలు. రెటీనాలో ముఖ్యంగా గ్లుటమేట్ ఆ పని చేస్తుంది.

డోపమైన్ పని వేరు. అది కబురు మోయదు, కబురు ఎలా వెళ్ళాలో సరిచేస్తుంది. వెలుతురు పెరిగినప్పుడు రెటీనాలోని కొన్ని కణాలు దాన్ని వదులుతాయి. అప్పుడు పక్కపక్క కణాల మధ్య ఉన్న దారులు చాలావరకు మూసుకుంటాయి. ఒకరి కబురు ఇంకొకరిలో కలిసిపోదు, అంచులు స్పష్టంగా తెలుస్తాయి. పార్కిన్సన్స్ జబ్బులో మెదడులోనే కాదు, రెటీనాలో కూడా డోపమైన్ తగ్గుతుంది. అందుకే దగ్గర రంగుల మధ్య తేడా తెలియడం కష్టమవుతుంది. డోపమైన్ గొప్పతనాన్ని కనిపెట్టిన ఆర్విడ్ కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

మామూలు చార్టులో తెలుపు మీద నల్లని గుర్తులుంటాయి. అది ఎంత చిన్నది కనిపిస్తుందో చెబుతుంది, ఎంత లేత తేడా కనిపిస్తుందో చెప్పదు. అక్షరాలు ఒకే సైజులో ఉండి, క్రమంగా వెలిసిపోతూ వచ్చే చార్టు వేరే ఉంది. ఇదంతా నరాల డాక్టరు గారిని అడిగాను. ఈ జబ్బులో అలా జరుగుతుందని, మందులు వేళకు వేయమని, మోతాదు సొంతంగా మార్చవద్దని చెప్పారు.

మెట్ల అంచున తెల్లరంగు గీత వేశాం. వాకిట్లో పెద్ద బల్బు పెట్టాం. పెరుగన్నానికి ముదురు నీలం పళ్ళెం కొన్నాం. ఖర్చు కొద్దిగానే అయింది. చుట్టాలకు విషయం విడమరిచి చెప్పాను, ఆ మాట మళ్ళీ అనలేదు.

తమ్ముళ్ళూ, మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు తమ బాధ పేరు పెట్టి చెప్పడం రాదు. సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళు దేన్ని తడుముకుంటున్నారో కాస్త గమనించండి. మీరు చదివిన పాఠం అక్కడ పనికిరావచ్చు.