చిన్న డాక్టర్లకై మా మహజరు

"డాక్టర్ల జీతబత్తెముల జోలి గృహిణులకేల?" యని కొందఱు మమ్మడిగిరి. బియ్యపు డబ్బా యడుగంటునపుడు జీతము తేదీ మొదట జ్ఞప్తికి వచ్చునది గృహిణికే గదా! బడిపంతులుగారి యింటివారము గావున ఒకటవ తేదీ విలువ మాకు వేఱుగా బోధింపనక్కఱలేదు.

మా కల్లూరివారికి పెద్ద జబ్బు చేసినచో ఖమ్మము పోవలయును. అచ్చటను గానిచో వరంగల్లో, హైదరాబాదో చేరవలయును. 2024వ సంవత్సరము వేసవిలో మా అత్తగారితో నొక పెద్దాసుపత్రిలో తొమ్మిది దినములుంటిమి. పెద్ద డాక్టరుగారు ఉదయమున వచ్చి చూచి పోవుచుండిరి. తక్కిన పగలును, రాత్రియు మంచము మంచమునకు దిరిగి నాడి చూచుట, రక్తము తీయుట, మందులు వ్రాయుట యంతయు నొక యువతి పనియే. ఆమె యచ్చటి పోస్టుగ్రాడ్యుయేటు విద్యార్థిని. ఒకనాటి యుదయమున వచ్చిన యా పిల్ల మఱునాటి మధ్యాహ్నమునకును వార్డులోనే యుండెను. "ఇంకను ఇంటికి పోలేదా తల్లీ?" యని యడిగితిమి. "డ్యూటీ కాలేదమ్మా" యని నవ్వెను. మందు మోతాదు వ్రాయుచు రెండుమాఱులు కన్నులు నులుముకొని, లెక్క మరల మొదటినుండి చూచుకొనెను. ఆ శ్రద్ధకు సంతసించితిమి. కాని మా గుండె దడదడలాడినది. ఆమెకు స్టైపెండు వచ్చి రెండు నెలలు దాటినదని తరువాత దెలిసినది.

ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర యేండ్లు. ఆపై నొక యేడు హౌస్ సర్జనుగా పనిచేయవలయును. పై చదువునకు మఱి మూడేండ్లు. ఈ కాలమున వారికిచ్చు భృతియే స్టైపెండు. పేరునకు విద్యార్థులు, పనికి వైద్యులు. భృతి వేళకు రావలెననియు, వసతిగృహములును రక్షణయు కావలెననియు తెలంగాణా జూనియరు డాక్టర్లు 2024 జూన్ 24వ తేదీన సమ్మె కట్టిరి. అత్యవసర సేవలను మాత్రము విడువలేదు. గాంధీ, ఉస్మానియా వైద్య కళాశాలల వసతిగృహములకు ప్రభుత్వము ద్రవ్యము మంజూరు చేయగా కొలది దినములలో సమ్మె ముగిసినది.

సభాపర్వమున నారదుడు ధర్మరాజునకు వేసిన కుశలప్రశ్నలను మీరు చదివియే యుందురు. సేనకు భోజనమును వేతనమును కాలము దప్పక యిచ్చుచున్నావా యనునది వానిలో నొకటి. వేళ మీఱిన జీతము కొలువువారిని కష్టపెట్టి, తుదకు ఏలికకే కీడగునని యాతని భావము. రోగముతో పోరాడువారును సేనయే గదా!

మా పొరుగింటి పెద్దమ్మ యిట్లనెను: "రేపు లక్షలు గడించువారికి నేడు మన జాలి యెందుకే? సమ్మె చేసి రోగులనే యేడ్పింతురు." రేపటి గడన నేటి యాకలి తీర్చదు. సమ్మెవలన దూరము నుండి వచ్చిన పేదలకు కష్టమగుట నిజమే. అందుచేతనే, వారు సమ్మె కట్టకమునుపే రోగుల యింటివారము మనము అడుగవలయును. వారడిగిన స్వార్థమందురు, మనమడిగిన నట్లనుట కష్టము.

మన రాజ్యాంగమున ఆసుపత్రులు రాష్ట్రముల యధికారములోనివి. కావున శాసనసభ్యులకే వ్రాయవలయునని మా వీధి స్త్రీలము పదునొకండ్రము కూడి మహజరు వ్రాసితిమి. కోరికలు మూడే. స్టైపెండు ప్రతి మాసము నిర్ణీత దినమున, ఉద్యోగుల జీతమువలెనే, పడవలయును. రెండవది విశ్రాంతి. రెసిడెంటు డాక్టర్లకు సామాన్యముగా వారమునకు 48 గంటలు, ఏకధాటిగా 12 గంటలు మించి పనియుండరాదని కేంద్ర ప్రభుత్వము 1992లో చేసిన నియమము మన యాసుపత్రులలోను నడువవలయును. మూడవది, రాత్రి పనిచేయు స్త్రీలకు లోపల గడియ వేసికొనదగిన విశ్రాంతి గది. 2024 ఆగస్టు 9వ తేదీన కలకత్తాలో రాత్రి డ్యూటీలో నుండిన యువ వైద్యురాలు అత్యాచారమునకు గురియై హత్య గావింపబడిన పిదప ఈ కోరికకు వేఱు కారణము చెప్పనేల?

అందఱము సంతకములు చేసితిమి. చదువురాని యిద్దఱు వ్రేలిముద్ర వేసిరి. నకలు మా పెట్టెలో నున్నది. శాసనసభ కూడుటకు ముందు మరల నొక జాబు వ్రాయుదుము.

ఖమ్మములో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. అందు మొదట చేరిన పిల్లలు హౌస్ సర్జనులై మన యింటివారి పడకలయొద్ద నిలుచుకాలము దూరమున లేదు. వారు కడుపునకు తిని, కంటికి నిద్ర గలిగి రావలెనని కోరుట మన యింటి పనియే. మీ యూళ్లలోను నలుగురు స్త్రీలు కూడి, ఒక కాగితమున నాలుగు పంక్తులు వ్రాసి పంపుదురుగాక!