బోగోలులో రెండు రోజులు

చెన్నై నుంచి విజయవాడకు పోయే రైలులో నెల్లూరు దాటి కొంతదూరం పోగానే బిట్రగుంట వస్తుంది. ఇప్పటి వేగపు బండ్లు చాలా భాగం అక్కడ ఆగవు. కిటికీ పక్కన కూర్చున్నవారు పలక మీది పేరు కూడబలుక్కునేలోగా స్టేషను వెనక్కి పోతుంది. కాని ఆవిరి ఇంజన్ల కాలంలో ఇది ఆగక తప్పని చోటు. ఇంజను నీళ్ళు తాగాలన్నా, బొగ్గు మేయాలన్నా, ఒళ్ళు నొప్పులకు వైద్యం చేయించుకోవాలన్నా బిట్రగుంట షెడ్డే దిక్కు. ఈ స్టేషను బోగోలు మండలంలోనిది. రెండు ఊళ్ళూ ఒకదాని నొకటి ఆనుకొని ఉన్నందువల్ల ఏది ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలయిందో పరాయివారు చెప్పలేరు.

మా నాయన ఆ షెడ్డులో 1970లో ఖలాసీగా చేరి, ఫిట్టరు అయినాడు. నేను పుట్టింది ఆ రైల్వే కాలనీలోనే. షెడ్డు పని తగ్గిపోయిన తరువాత ఆయనకు విజయవాడ బదిలీ అయింది. దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల సేవ 1995తో ముగిసింది. మా నాయన చేతిపని కూడా అప్పటితో సగం ముగిసిందనే చెప్పాలి. చెవులు మాత్రం అంతకు ముందే పోవడం మొదలుపెట్టినవి. బాయిలర్ల మోతలో ఇరవై ఏళ్ళు నిలబడిన మనిషికి అది వింత గాదు.

ఈ ఏడు ఆయనకు డెబ్భై ఏడు. బిట్రగుంటలోనే స్థిరపడిన తన పాత జతగాణ్ణి ఒకసారి చూడాలని రెండేళ్ళుగా అడుగుతున్నాడు. "చూడటం కాదమ్మాయీ, మాట్లాడాలి," అని సవరించుకునేవాడు. ఫోనులో ఇద్దరికీ కుదరదు. ఇద్దరివీ షెడ్డు చెవులే. కాలేజీకి సెలవులు రాగానే నేనే తీసుకొని బయలుదేరాను.

మొదటి రోజు కొండబిట్రగుంట వెళ్ళాము. అక్కడి కొండమీద ప్రసన్న వేంకటేశ్వరస్వామి కోవెల ఉన్నది. మెట్ల మీద గాలి చల్లగా వీస్తుంటే, కింద పచ్చని పొలాలూ, వాటిని చీల్చుకుంటూ పోయే రైలు పట్టాలూ చూస్తూ మా నాయన చాలాసేపు కూర్చున్నాడు. మధ్యాహ్నం సముద్రపు ఒడ్డుకు పోయాము. బోగోలు మండలంలోనే జువ్వలదిన్నె ఉన్నది. 2020లో శంకుస్థాపన చేసి అక్కడ చేపల రేవు కట్టారు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవారితో మాట్లాడుతూ, ఉప్పుగాలి తింటూ సాయంకాలం దాకా గడిపి, రాత్రికి బోగోలులో మా పిన్నమ్మగారి ఇంటికి చేరుకున్నాము.

అసలు కథ ఇక్కడ మొదలు.

మా నాయన చెవికి పెట్టుకునే యంత్రాలు రెండు. అవి రాత్రి ఒక చిన్న డబ్బీలో పడుకోవాలి. ఆ డబ్బీకి ఛార్జరు తగిలిస్తే తెల్లవారేసరికి వాటికి ప్రాణం వస్తుంది. ప్రయాణపు తొందరలో ఛార్జరూ, దాని తీగా ఇంట్లోనే మరచిపోయి వచ్చాను. పిన్నమ్మగారి మనవడు, "దానికేముంది పెద్దమ్మా, అన్నిటికీ ఇప్పుడు ఒకటే పిన్ను గదా," అని తన కొత్త ఛార్జరు తెచ్చి తగిలించాడు. పిన్ను సరిగ్గా అతుక్కున్నది. దీపం మాత్రం వెలగలేదు. తిప్పి పెట్టాము, ఊది పెట్టాము. వెలగలేదు. అదే ఛార్జరుతో వాడి ఫోను మాత్రం చక్కగా ఎక్కింది.

అంతకు నెల ముందే కుడిచెవి యంత్రం అప్పుడప్పుడు మూగపోతుంటే మా పట్నంలో ఒక దుకాణంలో చూపించాను. డబ్బీతో సహా అంతా మార్చుకోవడమే మంచిదని, ఒక లెక్చరరు నెల జీతంలో పెద్ద ముక్క చెప్పారు. ఆ మాట ఇప్పుడు గుర్తుకు వచ్చి గుండె జారింది. తెల్లవారితే మా నాయన తన స్నేహితుని ముందు కూర్చోవాలి. ఎన్నో ఏళ్ళ తరువాత కలిసి, ఒకరి మాట ఒకరికి వినపడక చేతులు పట్టుకొని ఊరుకోవాలా?

మా నాయన ఆ డబ్బీని చేతిలో తిప్పి చూసి, "పోనీలే," అన్నాడు. ఆయన "పోనీలే" అన్నాడంటే బాధ పెద్దదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

మరునాడు పొద్దున్నే బోగోలు బజారుకు పోయాము. ఒక చిన్న అంగడి. ముందు అద్దాల బీరువాలో తీగలూ, తలకు కట్టుకునే లైట్లూ వేలాడుతున్నవి. వెనక ఒక బల్ల. దానిమీద దీపం కలిగిన భూతద్దం, ఆకురాయి వంటి రబ్బరు చాప, సన్నని పట్టుకార్లు, వేలెడంత స్క్రూడ్రైవర్లు, టంకం పెట్టే కడ్డీ, మల్టీమీటరు. బల్ల వెనక కూర్చున్న అబ్బాయికి పాతికేళ్ళుంటాయి. తండ్రి సముద్రం మీదికి పోతాడట. కొడుకు ఒడ్డున ఉండి, సముద్రం మీదికి పోయే సామాను బాగుచేస్తాడు.

"పడవలు పొయ్యే ముందురోజు రాండి అక్కా, ఈడ నిలబడేదానికి చోటుండదు," అన్నాడు. తలలైట్లు, ఫోన్లు, దారి చూపే జి.పి.ఎస్. పెట్టెలు, అన్నీ ఈ బల్ల మీదికే వస్తాయి. పడవలో ఉండేది పన్నెండు వోల్టుల బ్యాటరీ. ఫోనుకు కావలసింది అయిదు వోల్టులు. మధ్యలో దించే బిళ్ళ చెడిపోతే ఫోను ఉండీ లేనట్టే. తుపాను హెచ్చరిక వచ్చేది ఆ ఫోనుకే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోతే, ట్రాక్టరు బ్యాటరీకి తీగలు తగిలించి వీధివారి ఫోన్లన్నీ వంతులవారీగా ఎక్కించాడట. పడవలకు ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరాలు లక్ష అమర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టు 30న ప్రారంభించింది. ఎంత గొప్ప పరికరమైనా చివరకు దాని ప్రాణం ఒక చిన్న బ్యాటరీలోనూ, దానికి తగిలే పిన్నులోనూ ఉంటుందని ఈ అబ్బాయి బల్ల ముందు నిలబడితే అర్థమవుతుంది.

మా డబ్బీ తీసుకొని అతడు ముందు విప్పలేదు. "ఏ తీగతో పెట్టినారు?" అని అడిగాడు. చెప్పాను. నవ్వి, సొరుగులోంచి పాతరకం తీగ తీశాడు. దానికి ఒకవైపు వెడల్పాటి పిన్ను, మరోవైపు మా డబ్బీకి పట్టే పిన్ను. మధ్యలో బొటనవేలంత మీటరు తగిలించాడు. డబ్బీ మీద దీపం టక్కున వెలిగింది!

"ఇదేం మాయ నాయనా?" అన్నాను.

మాయ కాదని అతడు వివరించాడు. దానిని పాఠకులకు నా మాటల్లో చెబుతాను, ఎందుకంటే ఈ చిక్కు ఇప్పుడు ఇంటింటా ఉన్నది. రెండు కొసలా ఒకే పిన్ను ఉండే కొత్తరకం ఛార్జరు, ఎవరు పడితే వారికి తలుపు తీయదు. "ఎవరది?" అని ముందు అడుగుతుంది. అవతలి పరికరంలో 5.1 కిలో ఓముల చిన్న నిరోధకాలు రెండు ఉంటే అవే "నేనే" అని జవాబు చెబుతాయి. అప్పుడు కరెంటు వస్తుంది. చవక పరికరాలు చేసేవారు కొందరు ఆ రెండు గింజలూ పెట్టడం మానేస్తారు. పాతరకం వెడల్పు పిన్ను ఛార్జరు అమాయకురాలు, తలుపు తీసే ఉంచుతుంది. అందుచేత అటువంటి పరికరం పాత తీగతో పనిచేసి, కొత్త తీగతో పడకేస్తుంది. చెడిపోయిందని మనం పారేస్తాము! యూరప్ దేశాలలో 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్ల వంటి చిన్న పరికరాలకు ఒకేరకం పిన్ను ఉండాలని చట్టం వచ్చింది. మంచిదే. కాని పిన్ను ఒకటైనంత మాత్రాన మర్యాద ఒకటి కాదని ఇంట్లో పాత తీగ ఒకటి దాచుకోవడం మంచిది.

కుడిచెవి సంగతి ఇంకా మిగిలి ఉన్నది. అబ్బాయి డబ్బీని భూతద్దం కింద పెట్టి మా నాయనను రమ్మని సైగ చేశాడు. లోపల యంత్రం కూర్చునే గుంటలో రెండు బంగారు చుక్కలున్నవి. ఎడమవైపువి మెరుస్తున్నవి. కుడివైపు ఒక చుక్క చుట్టూ పచ్చగా చిలుము! చెమట తడి, ఉప్పుగాలి, దానిమీద కరెంటు, ఈ మూడూ కలిస్తే లోహాన్ని తింటాయి. బంగారు పూత పోయిన చోట కింది రాగి పచ్చబడుతుంది. మా నాయన చూసి, "బాయిలరు గొట్టాలకు పట్టే జబ్బే ఇది," అని గట్టిగా అన్నాడు. అంగట్లో ఉన్నవారందరూ తిరిగి చూశారు.

తరువాత జరిగినది పది నిమిషాల పని. తీగ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన మెత్తని కుంచెతో తుడిచాడు. నీళ్ళు గాని, ఇంట్లో వాడే స్పిరిట్లు గాని తగలనీయరాదట. చిలుము గీకడానికి కత్తి వాడలేదు, మిగిలిన పూత పోతుందని. ఆరనిచ్చి మళ్ళీ మీటరు పెట్టాడు. వోల్టులు అయిదు, అంకె కదలలేదు. ఆంపియర్ల అంకె మాత్రం ముందుకన్న పెరిగింది. రెండు చెవులూ తాగుతున్నవన్నమాట.

"లోపలి యంత్రం కూడా విప్పి చూడరాదా?" అన్నాను ఆశకొద్దీ.

"అది నా పని కాదక్కా. దాన్లో ఆయన చెవికి తగినట్టు లెక్కలు పెట్టుంటారు. అది చెవుల డాక్టరే చూడాల," అన్నాడు. తనకు తెలిసిన పని ఎక్కడ ఆగుతుందో తెలిసినవాడే మంచి పనివాడు. ఈ మాట మా నాయన పెదవుల కదలికలోనే పట్టుకొని తల ఊపాడు.

యంత్రాలు ఎక్కుతున్నంతసేపూ మా నాయన ఆ బల్లను వదలలేదు. షెడ్డులో ఆయన పని తీరు వేరు. పొడుగుపిడి సుత్తితో చక్రాన్ని తట్టి, చప్పుడు విని, పగులు ఉన్నదీ లేనిదీ చెప్పేవారు. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగిలినది కుండలా చప్పబడుతుంది. అక్కడ చెవే మీటరు. ఇక్కడ చప్పుడే లేదు, అంతా అంకెలు. అయినా ఇద్దరి పద్ధతీ ఒకటేనని నాకు తోచింది. ముందు విప్పరాదు. ముందు తట్టి చూడాలి.

అబ్బాయి చెప్పిన మరికొన్ని మాటలు ఇల్లాండ్రకు పనికివస్తాయి. ఈ లిథియం బ్యాటరీ నిండినప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది, మామూలుగా 3.7 అంటారు. పూర్తిగా ఎండనీయకుండా, ఎప్పుడూ నిండుకుండలా ఉంచకుండా వాడితే ఎక్కువకాలం వస్తుంది. నెలల తరబడి దాచవలసి వస్తే సగం ఎక్కించి దాచాలి. దాని పరమశత్రువు వేడి. రోహిణికార్తె ఎండలో కారులో వదలరాదు, దిండు కింద పెట్టి ఎక్కించరాదు. పొట్ట ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం ప్రాణాపాయం. దానిని చెత్తబుట్టలో కాక, సేకరించేవారికే ఇవ్వాలి. ఇందుకు 2022లోనే నియమాలు వచ్చినవి.

ఇటువంటి బ్యాటరీ 1991లో మొదటిసారి బజారుకు వచ్చింది. దానికి మూలపురుషులైన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు. వారిలో గుడెనఫ్‌గారికి అప్పటికి తొంభై ఏడేళ్ళని చెబితే మా నాయన, "అయితే నాకింకా ఇరవై ఏళ్ళు టైముంది," అన్నాడు. అప్పటికి యంత్రాలు చెవిలో పెట్టుకున్నాడు. నేను మామూలు గొంతుతోనే చెప్పాను!

అబ్బాయి నూట యాభై రూపాయలు తీసుకున్నాడు. పాత తీగ ధర కూడా అందులోనే.

అక్కడి నుంచి స్నేహితుని ఇంటికి పోయాము. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరి నొకరు చూసుకొని చాలాసేపు నవ్వారు. మా నాయన మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన మాత్రం చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని "ఆఁ? ఆఁ?" అంటున్నాడు. నా ప్రాణం ఉసూరుమన్నది. మావైపు బాగుచేసుకొని వచ్చాము, అవతలివైపు సంగతి ఎవరాలోచించారు?

కోడలు లోపలి నుంచి వచ్చి, "ఎనిమిది నెలలాయ మేడం, ఆయన మిషను చెడిపోయి. ఎంత పెట్టినా దీపం రాలేదని బీరువాలో పడేసినాం," అన్నది.

"ఏ తీగతో పెట్టినారు?" అన్నాడు మా నాయన, ఆ అబ్బాయి గొంతుతోనే.

ఆమె తీగ తెచ్చింది. రెండు కొసలా ఒకే పిన్ను.

మా నాయన నా సంచిలోంచి పాత తీగ తీశాడు. దీపం వెలిగింది గాని మిణుకుమిణుకుమని ఆరిపోయింది. ఆయన డబ్బీని వెలుతురుకు ఎత్తిపట్టి, కన్ను చిట్లించి చూసి, "చిలుము," అని తీర్పు చెప్పాడు. వెంటనే స్నేహితుని జబ్బ పట్టుకొని లేవదీశాడు. ఇద్దరూ ఆటో ఎక్కారు.

నేను వెనక నడిచి వెళ్ళేసరికి అంగడి ముందు బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చొని ఉన్నారు. అబ్బాయి భూతద్దం కింద తల వంచుకొని ఉన్నాడు. దూరంగా ఏదో బండి కూత వేసింది. మా నాయన చెయ్యి ఎత్తి, అటు చూపించి, స్నేహితునితో ఏదో అన్నాడు. ఆయనకు ఇంకా వినపడలేదు.

"ఆగు. పది నిమిషాలు ఆగు," అన్నాడు మా నాయన. "ఇంకో బండి వస్తుంది."