జరీ అంచు ఎక్కడికి పోయింది?

గ్రాఫిక్స్ అంటే బటన్ నొక్కగానే రాజమహల్ లేచి నిలబడుతుందనుకునే అభిమానులు ఒక్కసారి అమీర్‌పేట రావాలి. 1959లో 'మా ఇంటి మహాలక్ష్మి' తీసిన సారథి స్టూడియో ఉన్న పేటే ఇది. ఇప్పుడిక్కడ మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి వెనక హాస్టళ్లు, అర్ధరాత్రి దాటినా ఆరని లైట్లు!

ఖమ్మం నుంచి వచ్చిన మా పెదనాన్నగారి మనవడు అలాంటి గదిలోనే ఉన్నాడు. డిగ్రీ అయింది, త్రీడీ కోర్సు అయింది, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బూ అయింది. పంజాగుట్టలో ఓ చిన్న గ్రాఫిక్స్ ఆఫీసువాళ్లు శనివారం రమ్మన్నారు. చూపించడానికి బ్లెండర్‌లో గద్వాల చీర ఒకటి చేశాడు. దీపం వెలుతురులో చీర మెల్లగా తిరుగుతుంది. తీరా చూస్తే జరీ అంచంతా అలికేసినట్టుంది!

కథేమిటంటే, ప్రతి చుక్కకీ కంప్యూటర్ కొన్ని కాంతికిరణాలు వదిలి రంగు తేలుస్తుంది. కిరణాలు తక్కువైతే బొమ్మంతా నలుసులే. నలుసులు సగం తగ్గాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి. కెమెరా తిప్పుతూ అప్పటికప్పుడు చూసుకునేవాడికి అంత ఓపికెక్కడిది? అందుకే డీనాయిజర్. పక్క చుక్కల్ని చూసి ఊహించి నింపేస్తుందన్నమాట. పాత సినిమాల్లో మనం ముచ్చటపడే గ్రెయిన్ కాదండోయ్ ఇది. అది ఫిల్ములోని వెండి, ఇది లెక్క తెమలకపోవడం.

మనవాడి సెట్టింగులో డీనాయిజర్ మొదటి శాంపిల్ నుంచే పనిలోకి దిగుతోంది. రంగు తప్ప దానికి వేరే ఆధారమూ లేదు. జరీ గీతేదో, నలుసేదో దానికేం తెలుస్తుంది పాపం!

"కోర్సులో ఇలాగే పెట్టమన్నారు బాబాయ్, నున్నగా ఉంటే చాలన్నారు."

నాకు ఒళ్లు మండింది. అంతంత ఫీజు తీసుకుని నేర్పేది ఇదా?

ఆ రాత్రి వాడే కూర్చుని మార్చాడు. వస్తువు అసలు రంగు చెప్పేది ఆల్బెడో పాస్, ఉపరితలం ఎటు తిరిగుందో చెప్పేది నార్మల్ పాస్. రెండూ డీనాయిజర్‌కి అందించాడు. మొదలుపెట్టే శాంపిల్‌ని 1 నుంచి 32కి జరిపాడు. కాసేపు తెరమీద ఇసుక చల్లినట్టుంది. తర్వాత... అంచు తేలింది! దీపం నీడ మాత్రం మచ్చలు మచ్చలుగా గెంతుతూనే ఉంది. ఒక్కో ఫ్రేమునీ విడివిడిగా తుడిస్తే అంతే మరి. దానికోసం శాంపిళ్లు బాగా పెంచి, తెల్లవార్లూ రెండర్ పెట్టాడు.

శనివారం ఆఫీసులో పెద్దాయన ల్యాప్‌టాప్ దగ్గరికి వంగి, "డీనాయిజ్ తీసేసి చూపించు" అన్నారట. తీశాడు. తెరనిండా నలుసులు.

"ఈ అంచు నువ్వు చేసిందేనా, ఇది ఊహించిందా?"

"నేనే చేశానండి. గీత గీతా."

సోమవారం మళ్లీ రమ్మన్నారు.