సముద్రాలు దాటిన చేదు

ఇంగ్లండులో డెర్బీ నుంచి రైలెక్కితే పావుగంటలో బర్టన్ వస్తుంది. ట్రెంటు నది ఒడ్డున ఉన్న ఊరు. స్టేషను బయటికి రాగానే కమ్మని వాసన ముక్కుకు తగిలింది. మన ఇళ్ళల్లో రాగులు మొలకట్టి, ఎండబెట్టి, దోరగా వేయించేటప్పుడు వచ్చే వాసన అచ్చం అలాగే ఉంటుంది. ఇక్కడ మొలకెత్తించేది బార్లీ. దానితో కాచేది బీరు.

తెలుగు పంతులుకి బీరు కాచే ఊళ్ళో ఏం పని అని మీరు నవ్వవచ్చు. మా ఆవిడా అదే అడిగి డెర్బీలోనే ఉండిపోయింది. అక్కడ ఇంజనీరుగా ఉన్న మా బావమరిది మాత్రం, "మన దేశానికి వచ్చి పేరు తెచ్చుకున్న పానీయం, బావగారూ! చూడకుండా వెళ్తారా?" అన్నాడు.

అతని మాట నిజమే. పద్దెనిమిదో శతాబ్దం చివర లండన్ శివారు 'బో'లోని హాడ్జ్‌సన్ బట్టీ నుంచి లేత రంగు బీరు కంపెనీ ఓడల్లో మన దేశానికి వచ్చేది. 1820లలో బర్టన్ వాళ్ళు ఆ వ్యాపారంలో దిగారు. ఆల్సప్ అనే బట్టీ యజమాని దగ్గర పనివాడు మొదటి మచ్చు టీపాట్‌లో కాచాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఓడ ఆఫ్రికా కొసను చుట్టి, నెలల తరబడి ప్రయాణం చేసి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి రావాలి. దారిలో బీరు చెడిపోకుండా 'హాప్' అనే తీగ పూలు దండిగా వేసేవారు. ఆ పూలదే చేదంతా. సరుకుకు కాపలాగా వచ్చిన చేదు, పోనుపోను రుచిగా నిలిచిపోయింది.

ఇక నీటి మహిమ. బర్టన్ బావుల్లో జిప్సం ఉంది. మన రైతులు వేరుశనగ చేలకు వేసే జిప్సమే! అది హాప్ చేదుకు పదును పెడుతుంది. ఇతర దేశాల్లో ఇలాంటి బీరు కాచేవారు తమ నీళ్ళలో జిప్సం కలుపుకుంటారు. ఆ పనికి ఈ ఊరి పేరే పెట్టారు.

పెద్ద కర్మాగారాలను దాటించి, బావమరిది నన్నొక సందులోని చిన్న బట్టీకి తీసుకువెళ్ళాడు. పనివాళ్ళు నలుగురే. యజమానురాలు నా అరచేతిలో హాప్ పూలు పోసి నలపమంది. ముందు నారింజ తొక్క వాసన, వెనకనే వేపపూత ఘాటు. బార్లీ పిప్పి పశువుల దాణాకు పోతుందట. తరువాత సగం గ్లాసు పోసి నా ముందు పెట్టింది. తేనె రంగు.

నా చెయ్యి ముందుకు సాగలేదు. మాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించిన కబురు జిల్లా అంతా పాకిన 1992లో నాకు పదేళ్ళు. మా ఎదురింటి తాపీమేస్త్రీ కూలి డబ్బులు ఎటు పోయేవో వీధికంతా తెలుసు. మా ఊరి కొట్టు ముందు ఆడవాళ్ళు బైఠాయించిన నాడు అతని భార్య అందరికంటే ముందు కూర్చుంది. మా అమ్మ ఆమె పక్కన కూర్చుంది. మరుసటి ఏడు రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

ఇదంతా చెబితే ఆవిడ శ్రద్ధగా విన్నది. "మా తాత తాగుడుతోనే పోయాడు. నేను రోజుకు ఒక గ్లాసు దాటను. మీరు మా బావి నీళ్ళు తాగండి, అసలు సంగతి వాటిలోనే ఉంది" అని వేరే గ్లాసు తెచ్చింది. తాగాను. మా ఊరి గిలకబావి నీళ్ళలాగే నాలుక మీద కాస్త బరువుగా ఉన్నాయి.

ఆవిడ బలవంతం చేయలేదు. అందుకేనేమో, రెండో గ్లాసు నేనే అందుకున్నాను. ఒక్క గుక్క. మొదట నారింజ, తరువాత బార్లీ తీపి, చివరికి ఉగాది పచ్చడిలో వేపపువ్వులా తిన్నగా నిలిచే చేదు. బాగుంది. బాగుందని చెప్పి గ్లాసు కింద పెట్టాను. పచ్చడిలో రేకంత వేపపువ్వు రుచే. ఆ చేదే ఇంటిల్లిపాది కంచాల్లోనూ పడితే ఏమవుతుందో మా వీధి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

వస్తూ వస్తూ మా ఆవిడకు మార్మైట్ సీసా కొన్నాను. బీరు బట్టీల్లో మిగిలిన ఈస్టుతో 1902 నుంచి ఈ ఊళ్ళోనే చేస్తున్న నల్లని లేహ్యం, రొట్టెకు రాసుకుంటారు. ఆవిడ వేలికొసతో నాకి, మొహం చిట్లించింది.

"ఇంత దూరం వెళ్ళి ఉప్పు కొనుక్కొచ్చారా?" అంది.